పాత ఇంటికి కొత్త కప్పు కలిపేదెలా?

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో నౌపడ ఉంది. నౌపడ అనగానే ఉప్పు గుర్తుకొస్తుంది. ఊరి పక్కనే ఉప్పుమళ్ళు. ఎండాకాలంలో మళ్ళలో ఉప్పు తెల్లగా మెరుస్తుంది. వానలు పడితే ఆ పని ఆగిపోతుంది. ఆశ్వయుజం, కార్తీకం నెలల్లో తుపానుల భయం. అప్పుడు అందరి చూపూ ఇంటి కప్పు మీదే.

అలాంటి ఊళ్ళో ఒక ఇల్లు ఉందనుకోండి. మట్టి గోడలు. పైన నాటు పెంకులు. ఇల్లు పాతదే కాని గట్టిది. ఇంటాయన, ఇల్లాలు ఉప్పుమళ్ళలో కూలి పని చేస్తారు. ముసలి అత్తగారు ఉంది. కొడుక్కి పెళ్ళి కుదిరింది. కోడలు వస్తుంది. ఉన్న ఒక్క గదిలో అందరూ ఎలా పడుకుంటారు? అందుకని ఎండాకాలంలో ఇంటి ముందు ఒక గది దింపారు. బయటి వైపు సరుగుడు స్తంభాలు పాతారు. చుట్టూ తాటాకు దడి కట్టారు. పైన సిమెంటు రేకులు వేశారు. రేకుల చివర పాత ఇంటి చూరుకు ఆనించారు. మధ్య సందులో సిమెంటు కూరారు. పని మూడు రోజుల్లో అయిపోయింది.

తొలకరి పడింది. సందులోంచి చుక్క మొదలయింది. ఇంటాయన మళ్ళీ సిమెంటు పెట్టాడు. శ్రావణంలో చుక్క ధార అయింది. మరోసారి సిమెంటు పెట్టాడు. భాద్రపదం వచ్చేసరికి బియ్యం బస్తా తడిసింది. మట్టి గోడ పైభాగం నల్లబడింది. చేత్తో నొక్కితే మెత్తగా తగిలింది. అప్పుడు ఇల్లాలికి భయం వేసింది. ఊళ్ళోని ముసలి వడ్రంగిని పిలిచింది.

"ఏటి తాతా, రెండుసార్లు సిమెంటెట్టినాం. అయినా కారతంది. ఏల?" అని అడిగింది.

"నీరు ఊరుకోదమ్మా. దారి సూపితే దారంట పోతాది. అడ్డం కడితే సందు ఎతుక్కుంటాది" అన్నాడు తాత.

తాత మాటలో అసలు సంగతంతా ఉంది.

కారే చోటు ఎలా కనిపెట్టాలి?

లోపల చుక్క పడిన చోటే పైన బొక్క ఉంటుందని అనుకోకూడదు. నీరు వాసం పట్టుకుని నాలుగైదు అడుగులు నడుస్తుంది. తర్వాత ఎక్కడో రాలుతుంది. అందుకని కారే చోటు వెతకడానికి ఒక పద్ధతి ఉంది.

వాన లేని రోజు చూసుకోవాలి. ఒకరు నిచ్చెన మీద నిలబడి చెంబుతో నీరు పోయాలి. ఒకరు లోపల చూడాలి. ముందు కింద, చూరు దగ్గర పోయాలి. కారకపోతే కొంచెం పైకి జరగాలి. మళ్ళీ పోయాలి. ఇలా కింద నుంచి పైకి రావాలి. పైన ముందు పోస్తే నీరు కప్పంతా తడుపుతుంది. ఏ సందులోంచి దిగిందో తెలియదు.

తాత అలాగే చేయించాడు. కొడుకు నీరు పోశాడు. ఇల్లాలు లోపల చూసింది. రేకు మీద పోసినప్పుడు కారలేదు. రేకు, పెంకు కలిసిన చోట పోశాడు. వెంటనే లోపల ధార దిగింది. దగ్గరికి వెళ్ళి చూస్తే సిమెంటు మీద జుట్టంత సన్నని పగులు కనిపించింది. ఆ చివర నుంచి ఈ చివర వరకూ ఉంది.

సిమెంటు ఎందుకు పగిలింది?

రెండు కారణాలు ఉన్నాయి.

ఒకటి ఎండ. ఏ వస్తువైనా వేడికి కొంచెం సాగుతుంది. చల్లబడితే మళ్ళీ తగ్గుతుంది. పది అడుగుల ఇనుప రేకు 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక మిల్లీమీటరు పొడవు పెరుగుతుంది. సిమెంటు రేకు సాగే కొలత వేరు. మట్టి పెంకు సాగే కొలత వేరు. పగలు సాగుతాయి, రాత్రి తగ్గుతాయి. ఈ రెండింటి మధ్య కూరిన సిమెంటు మాత్రం బిగుసుకుని ఉంటుంది. అది సాగదు, వంగదు. అందుకే పగులుతుంది.

రెండు నేల. కొత్తగా కట్టిన గోడ గాని, పాతిన స్తంభం గాని మొదటి వానలకు కొంచెం కుంగుతుంది. పాత ఇల్లు కుంగవలసింది ఎప్పుడో కుంగిపోయింది. ఇప్పుడది కదలదు. కొత్తది కిందికి దిగుతుంది. పాతది అక్కడే నిలుస్తుంది. మధ్యలో సందు విడుతుంది. కొత్త గోడను పాత గోడతో కలిపి కట్టినా ఇదే జరుగుతుంది. కలిసిన చోట నిలువునా పగులు వస్తుంది.

జుట్టంత పగులు చాలు. నీరు అందులోకి పీల్చుకుపోతుంది. ఎన్నిసార్లు సిమెంటు పెట్టినా కొన్నాళ్ళకు పగులుతుంది. కాబట్టి తప్పు సిమెంటుది కాదు. సందు మూసి నీటిని ఆపుదామనుకోవడంలోనే తప్పు ఉంది.

పైది మీద, కిందిది కింద

ఉప్పుమళ్ళలో పని చేసేవాళ్ళకు నీటి సంగతి బాగా తెలుసు. మడి నుంచి మడికి నీరు ఎలా పోతుంది? వాలును బట్టి పోతుంది. గట్టు ఎక్కడ తెరవాలో, ఎక్కడ మూయాలో వాళ్ళకు తెలుసు. ఇంటి కప్పూ అంతే.

తాటాకు ఇల్లు నేసేటప్పుడు ముందు చూరు దగ్గర వరస వేస్తారు. దాని మీదికి వచ్చేలా పై వరస వేస్తారు. అలా కొప్పు దాకా పోతారు. పెంకులూ అలాగే నేస్తారు. చేప పొలుసులు చూడండి. అవీ అలాగే ఉంటాయి. పై ఆకు మీద పడిన నీరు కింది ఆకు మీదికి జారుతుంది. అక్కడి నుంచి ఇంకా కిందికి జారుతుంది. మధ్యలో సందు ఉన్నా నీరు లోపలికి రాదు. తాటాకు ఇంట్లో ఎన్ని సందులు ఉంటాయి! అయినా బాగా నేసిన ఇల్లు కారదు.

కొత్త కప్పు, పాత కప్పు కలిసే చోట కూడా ఇదే పద్ధతి. పాత కప్పు పైన ఉండాలి. కొత్త కప్పు పైచివర దాని కిందికి దూరాలి. రెండు అంచులూ ఎదురెదురుగా ఆనుకోకూడదు. ఒకదాని మీద ఒకటి రావాలి.

ఎంత లోపలికి దూరాలి? మామూలు చోట్ల ఆరు అంగుళాలు చాలంటారు. సముద్రం ఒడ్డున అది చాలదు. ఇక్కడ వాన నిలువుగా పడదు. గాలి దాన్ని అడ్డంగా కొడుతుంది. కప్పు మీద నీటిని వెనక్కి, పైకి తోస్తుంది. అందుకని ఒక అడుగు లోపలికి ఉంటే మంచిది. అడుగుకు మూడు అంగుళాల వాలు ఉందనుకోండి. నీరు ఇంట్లోకి రావాలంటే అడుగు దూరం వెనక్కి నడవాలి. మూడు అంగుళాల ఎత్తు ఎక్కాలి. అంత గాలి కొట్టినా ఎక్కేది కొద్దిపాటి జల్లే.

వాలు లెక్క

ఇంటాయన మొదట్లోనే అలా ఎందుకు చేయలేదు? ఎత్తు చాలక చేయలేదు. ఈ చిక్కు చాలా ఇళ్ళలో వస్తుంది. లెక్క చూడండి.

పాత చూరు గోడ నుంచి రెండడుగులు బయటికి ఉంది. చూరు అంచు ఎత్తు ఏడు అడుగులు. ఇంటాయనకు ఎనిమిది అడుగుల వెడల్పు గది కావాలి. అంటే చూరు అంచు నుంచి స్తంభాలకు ఇంకా ఆరడుగులు ఉంది. రేకుల కప్పుకు ఈ తీరంలో అడుగుకు మూడు అంగుళాల వాలు ఉండాలి. ఆరడుగులకు ఎంత?

6 x 3 = 18 అంగుళాలు. అంటే అడుగున్నర.

7 అడుగుల్లోంచి అడుగున్నర తీస్తే ఐదున్నర అడుగులు. అంత ఎత్తులో స్తంభం నిలిపితే తల తగులుతుంది. అందుకని ఇంటాయన స్తంభాలు ఆరున్నర అడుగులు పెట్టాడు. ఆరడుగుల దూరానికి వాలు ఆరు అంగుళాలే వచ్చింది. అంటే అడుగుకు ఒక అంగుళం. రేకు ఇంచుమించు చదునుగా పడుకుంది. నీరు జారలేదు. నిలిచి వెనక్కి తన్నింది. పైగా రేకు అంచు, చూరు అంచు ఎదురెదురుగా వచ్చాయి. సిమెంటు కూరడం తప్ప దారి లేకపోయింది.

"గది వెడల్పు ఒక్క అడుగు తగ్గించుకోండి నాయినా" అన్నాడు తాత.

"ఉన్నదే ఇరుకు. అడుగు పోతే ఎలగ తాతా?" అన్నాడు ఇంటాయన.

"అడుగు పోతే మంచం సరుకుతాది. గోడ పడితే మనిసి పోతాడు" అంది అత్తగారు, గుమ్మంలో కూర్చుని.

ఆ మాటతో ఇంటాయన ఒప్పుకున్నాడు.

తాత ఇలా లెక్క వేశాడు. పాత చూరును రెండడుగుల నుంచి ఒక అడుగుకు తగ్గించాలి. రేకును ఆ చూరు కింద నుంచి గోడ దాకా పోనివ్వాలి. గోడ దగ్గర పాత వాసాల కింద ఎత్తు ఎనిమిది అడుగులు. రేకు పైచివర అక్కడ 7 అడుగుల 9 అంగుళాల ఎత్తులో ఉంటుంది. గది వెడల్పు ఏడు అడుగులు.

7 x 3 = 21 అంగుళాలు. అంటే 1 అడుగు 9 అంగుళాలు.

7 అడుగుల 9 అంగుళాల్లోంచి 1 అడుగు 9 అంగుళాలు తీస్తే సరిగ్గా 6 అడుగులు. బయటి స్తంభాల ఎత్తు ఆరడుగులు. తలుపు ముందు వైపు పెట్టకుండా పక్క వైపు, ఇంటి గోడకు దగ్గరగా పెట్టారు. అక్కడ ఎత్తు ఎక్కువ. తల తగలదు.

ఎనిమిది అడుగుల రేకులే సరిపోయాయి. ముందు వైపు ముప్పావు అడుగు చూరు కూడా మిగిలింది. కొత్త రేకులు కొనే పని లేకపోయింది.

ఇంటి పక్క వైపు స్థలం ఉంటే పని ఇంకా సులువు. పాత ఇంటి కొప్పునే అదే ఎత్తులో, అదే వాలులో పక్కకి పొడిగించవచ్చు. అప్పుడు ఎత్తు తగ్గదు. స్థలం ఉన్నవాళ్ళు ముందు ఆ సంగతి ఆలోచించాలి.

కొత్త కప్పు ఎంత నీరు మోయాలి?

గది ముందుకు దింపితే పాత కప్పు నీరు కూడా కొత్త కప్పు మీద పడుతుంది. ఇది చాలామంది మరిచిపోతారు.

ఆ ఇల్లు 20 అడుగుల పొడవు. ముందు వైపు కప్పు 10 అడుగుల వెడల్పు నేలను కప్పుతుంది. దాని మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 186 లీటర్ల నీరు. పదిహేను లీటర్ల బిందెలతో కొలిస్తే 12 బిందెలు. కొత్త కప్పు మీద పడేది సుమారు 130 లీటర్లు. అంటే తొమ్మిది బిందెలకు కొంచెం తక్కువ. రెండూ కలిస్తే 21 బిందెలు. తుపానులో పది సెంటీమీటర్ల వాన పడితే 210 బిందెలు! అంత నీరూ కొత్త చూరు నుంచే దిగాలి.

అందుకే వాలు తగ్గించకూడదు. నీరు పడే చోట కాలువ తీయాలి. లేకపోతే స్తంభాల మొదళ్ళు తవ్వుకుపోతాయి. నీరు పొరుగింటి గోడ మీద పడకుండా చూసుకోవాలి. లేకపోతే వానతో పాటు తగువూ వస్తుంది.

నీటికి కలవాలి, గాలికి విడిపోవాలి

ఇక గాలి సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి వీచింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోటలు కూలిపోయాయి. ఇళ్ళ కప్పులు లేచిపోయాయి.

గాలి కప్పును కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కప్పు మీదుగా గాలి వేగంగా పోయినప్పుడు కప్పును పైకి పీలుస్తుంది. ముందు తెరిచి ఉన్న పంచలోకి గాలి దూరితే కింద నుంచి పైకి తోస్తుంది. పైన పీల్పు, కింద తోపు. రెండూ కలిసి రేకులను లేపుతాయి. చూరు, మూలలు, కొప్పు, ఈ చోట్ల పీల్పు ఎక్కువ.

కొత్త పంచ వాసాలను పాత ఇంటి వాసాలకు మేకులతో కొట్టారనుకోండి. గాలికి ముందు పంచ లేస్తుంది. లేస్తూ పాత కప్పును కూడా పట్టుకుని లాగుతుంది. పంచతో పాటు ఇల్లూ పోతుంది. పంచ వేరుగా నిలబడి ఉంటే పోయినా పంచే పోతుంది. లోపల మనుషులకు ఇల్లు మిగులుతుంది.

అందుకని కొత్త కప్పుకు సొంత కాళ్ళు ఉండాలి. తాత పాత గోడ పక్కనే ఒక వరస స్తంభాలు పాతించాడు. బయట ఒక వరస. ఈ రెండు వరసల మీదే కొత్త కప్పు నిలబడింది. పాత వాసానికి ఒక్క మేకూ కొట్టలేదు. పాత చూరు కింద రేకు దూరి ఉంది. కాని రెండింటి మధ్య వేలు పట్టేంత సందు ఉంది. కొత్తది కుంగినా పాతదానికి ఏమీ కాదు. ఎండకు సాగినా ఏమీ కాదు.

చూసేవాళ్ళకు రెండు కప్పులూ ఒకటే. నీటికీ ఒకటే. గాలికి మాత్రం వేరు వేరు.

పని జరిగిన తీరు

ముందు పాత రేకులు విప్పారు. పగిలిన సిమెంటు తీసేశారు. చూరు దగ్గర పెంకులు జాగ్రత్తగా దింపి పక్కన పేర్చారు. వాసాల చివరలు చూశారు. రెండు వాసాల కొసలు పుచ్చిపోయాయి. అవి ఎలాగూ కోయవలసినవే. చూరు ఒక అడుగుకు తగ్గింది. మంచి పెంకులు కొన్ని మిగిలాయి. వాటిని అటక మీద దాచారు. ఎప్పుడైనా పెంకు పగిలితే పనికొస్తాయి.

స్తంభాల కింది భాగానికి తారు పూశారు. రెండున్నర అడుగుల గోతుల్లో నిలిపి చుట్టూ కాంక్రీటు పోశారు. కాంక్రీటుకు నీరు మంచినీటి బావి నుంచి మోశారు. "ఇక్కడి నీరే పోద్దుం గదా" అన్నాడు కొడుకు. తాత వద్దన్నాడు. ఉప్పునీరు, ఉప్పు ఇసుక సిమెంటు పనికి వాడకూడదు. లోపల ఇనుము ఉంటే తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది.

స్తంభం మీద దూలం ఊరికే పెట్టలేదు. ఇనుప పట్టీ చుట్టి స్తంభానికి బిగించారు. దూలానికి వాసాలు కూడా అలాగే కట్టారు. పునాది నుంచి రేకు దాకా ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉండాలి. మధ్యలో ఒక్క ముడి వదులైనా గాలి అక్కడే విడదీస్తుంది.

రేకులు బిగించేటప్పుడు బోల్టు రేకు మిట్ట మీద వేయాలి. పల్లంలో వేయకూడదు. నీరు పల్లంలోనే కదా పారేది! బోల్టు కింద ఇనుప వాషరు, దాని కింద తారు వాషరు ఉండాలి. పాత బొక్కలు వదిలేయకూడదు. వాటికీ తారు వాషరుతో బోల్టు వేసి మూసేయాలి. మరీ బిగిస్తే సిమెంటు రేకు చిట్లుతుంది. చూరు వెంట, మూలల్లో బోల్టులు దగ్గర దగ్గరగా వేయాలి.

నౌపడ గాలిలో ఉప్పు ఉంటుంది. మామూలు మేకులు త్వరగా తుప్పు పడతాయి. జింకు పూత ఉన్న బోల్టులే కొనాలి. రూపాయి ఎక్కువైనా అవే మేలు.

చివరికి పాత పెంకులు మళ్ళీ నేశారు. చూరు వరస రేకు మీద అడుగు మేర వచ్చింది. సందులో ఎక్కడా సిమెంటు పెట్టలేదు.

రెండు కప్పులు మూలగా కలిస్తే

కొన్ని ఇళ్ళకు కొత్త గది అడ్డంగా కడతారు. దానికి వేరే కొప్పు ఉంటుంది. అప్పుడు రెండు వాలులు ఒక లోపలి మూలలో కలుస్తాయి. రెండు కప్పుల నీరూ ఆ మూలకే వస్తుంది. అక్కడ ఒకదాని కింద ఒకటి దూర్చడం కుదరదు. అక్కడ దోనె వేయాలి.

ఇది కొత్త విద్య కాదు. కోస్తా ఊళ్ళలో పాత మండువా లోగిళ్ళు ఉన్నాయి. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి ఉంటాయి. నాలుగు మూలల్లో మూలవాసాలు ఉంటాయి. వాటి మీదుగా నీరు మండువాలో పడుతుంది. అక్కడి నుంచి తూము గుండా బయటికి పోతుంది.

దోనెకు రెండడుగుల వెడల్పు రేకు తీసుకోవాలి. మధ్యకు పల్లంగా వంచాలి. రెండు వైపులా పెంకుల కిందికి కనీసం ఆరు అంగుళాలు పోవాలి. మధ్యలో పల్లం తెరిచి ఉండాలి. దాన్ని పెంకులతో కప్పకూడదు. ఆకులు, కాకి పుల్లలు అడ్డం పడితే నీరు పొంగి లోపలికి వస్తుంది. తొలకరికి ముందు ఒకసారి, దసరాకు ముందు ఒకసారి దోనె ఊడవాలి.

శ్లాబు ఇల్లు అయితే

ఇప్పుడు ఊళ్ళలో శ్లాబు ఇళ్ళు పెరిగాయి. ఇందిరా ఆవాస్ యోజన 1985లో మొదలయింది. 2016లో దాని స్థానంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. ఇలాంటి పథకాల కింద కట్టుకున్న చిన్న ఇళ్ళకు చాలామంది ముందు రేకుల పంచ దింపుతారు.

శ్లాబు అంచు గోడ నుంచి బయటికి ఉంటే రేకును దాని కిందికి పోనివ్వాలి. అంచు లేకపోతే గోడకు గాడి తీయాలి. గాడి లోతు ఒక అంగుళం. ఒక సన్న రేకు పట్టీని మడవాలి. దాని పై అంచు గాడిలోకి పోవాలి. కింది భాగం పంచ రేకుల మీద ఆరు అంగుళాలు పరుచుకోవాలి. గాడిలో సిమెంటు పెట్టవచ్చు. పట్టీ కింది భాగాన్ని మాత్రం రేకుకు సిమెంటుతో అతికించకూడదు. గోడ మీద జారిన నీరు పట్టీ మీదికి, పట్టీ నుంచి రేకు మీదికి పోతుంది. ఇదీ పైది మీద, కిందిది కింద పద్ధతే.

పాత శ్లాబు పక్కన కొత్త శ్లాబు పోయాలంటే అతికించి పోయకూడదు. మధ్య అంగుళం సందు వదలాలి. సందుకు రెండు వైపులా ఆరు అంగుళాల గట్లు కట్టాలి. రెండు గట్ల మీదికి వచ్చేలా ఒక బిళ్ళ కప్పాలి. బిళ్ళను ఒక వైపు గట్టుకే అతికించాలి. రెండో వైపు ఊరికే ఆనాలి. ఏ శ్లాబు నీరు ఆ శ్లాబు వైపే పోయేలా వాలు పెట్టాలి. పాత శ్లాబు చువ్వలకు కొత్త చువ్వలు కలపాలనుకుంటే ఇంజనీరును అడగాలి. అది ఊహ మీద చేసే పని కాదు.

ప్రాణానికి జాగ్రత్త

సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టకూడదు. రేకు విరిగి మనిషి కింద పడతాడు. వాసాల మీద ఆనేలా పలక వేసుకుని దాని మీదే నడవాలి.

ఆస్‌బెస్టాస్ కలిసిన రేకును కోసినా, బొక్క పెట్టినా సన్నని దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఏళ్ళ తర్వాత క్యాన్సరు కూడా రావచ్చు. రేకును నీటితో తడిపి, చేతి పనిముట్టుతో మెల్లగా కోయాలి. ముక్కుకు, నోటికి మంచి మాస్కు కట్టుకోవాలి. పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. విరిగిన ముక్కలను తడిపి, మూటకట్టి పక్కన పెట్టాలి.

మట్టి గోడ నాని మెత్తబడితే ఆ గోడ పక్కన పడుకోకూడదు. కప్పు బాగు చేసి, గోడ ఆరే దాకా మంచం ఇంకో వైపు వేసుకోవాలి. తుపాను హెచ్చరిక వస్తే కప్పును చూసుకుంటూ ఇంట్లో ఉండిపోకూడదు. తుపాను షెల్టరుకు గాని, గట్టి బడికి గాని వెళ్ళాలి. ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు.

వాన వచ్చింది

ఆశ్వయుజంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు విడవకుండా వాన. ఇల్లాలు రాత్రి దీపం పట్టుకుని రెండుసార్లు లేచింది. గోడ తడిమి చూసింది. పొడిగా ఉంది. చూరు కింద చెయ్యి పెట్టింది. చిన్న జల్లు తగిలింది, అంతే. బయట కొత్త చూరు నుంచి నీరు తెర కట్టినట్టు దిగుతోంది. కాలువలో పడి వీధిలోకి పోతోంది.

"కారతందేటే?" అంది అత్తగారు చీకట్లోంచి.

"లేదత్తా. పడుకో" అంది ఇల్లాలు.

కార్తీకంలో పెళ్ళి జరిగింది. కొత్త కోడలు ఆ గదిలోనే కాపురం పెట్టింది.

గుర్తుంచుకోండి

1. పాత కప్పు పైన, కొత్త కప్పు కింద. ఒక అడుగు మేర ఒకదాని మీద ఒకటి రావాలి.
2. సందులో సిమెంటు కూరితే పగులుతుంది.
3. రేకులకు అడుగుకు మూడు అంగుళాల వాలు ఉండాలి.
4. కొత్త కప్పుకు సొంత స్తంభాలు ఉండాలి. పాత వాసాలకు మేకులు కొట్టకూడదు.
5. ఉప్పునీటితో సిమెంటు కలపకూడదు.
6. సిమెంటు రేకు మీద కాలు పెట్టకూడదు.

లెక్క కట్టండి

1. గోడ దగ్గర రేకు ఎత్తు 8 అడుగులు. గది వెడల్పు 8 అడుగులు. అడుగుకు 3 అంగుళాల వాలు. బయటి స్తంభం ఎత్తు ఎంత ఉండాలి?
2. మీ ఇంటి చూరు ఎత్తు కొలవండి. ముందు గది దింపితే ఎంత వెడల్పు వరకు దింపవచ్చు?
3. మీ వీధిలో కప్పు కారే ఇల్లు ఉందా? ఎక్కడ కారుతోంది? ఎందుకు కారుతోంది? నలుగురూ కలిసి మాట్లాడండి.